వెనక గదితో సహా

ఆ ఏడాది వానలు మొదలైన తొమ్మిదో రోజున నా ఇంటి ముందు ఆటో ఆగింది. 'నా ఇల్లు' అనడం నాకింకా అలవాటు కాలేదు. ఇరవై ఆరేళ్ళు అద్దె గదుల్లో బతికినదాన్ని. గోడకి మేకు కొట్టాలన్నా ఎవరినో అడిగి రావాలనిపించేది.

ఆటోలోంచి ఒక పెద్దావిడ దిగింది. చేతిలో సంచీ, కళ్ళకి నల్లద్దాలు. గుమ్మంలోకి వచ్చిన వాననీళ్ళని చీపురుతో తోస్తున్న నన్ను చూసి పనిమనిషిననుకుందేమో, "కాస్త జరుగమ్మా" అని పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తేసరికి వెనక గది తాళం తీస్తోంది. ఆ తాళంచెవి నా దగ్గర లేదు. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున అడిగితే, అమ్మినతను "పాత సామానండీ, నెలలో తీయించేస్తాను" అన్నాడు.

"ఎవరండీ మీరు?"

"ఆ మాట నేనడగాలి. మావాడు నీకు అద్దెకిచ్చాడా?"

"అద్దె కాదండీ. కొన్నాను."

"మొత్తమా?"

"మొత్తమే."

ఆవిడ మంచం మీద దుమ్ము చేత్తో దులిపి, నిదానంగా కూర్చుంది.

"అయితే నన్ను కూడా కొన్నావన్నమాట" అంది.

నాకు ఇల్లమ్మిన మందుల షాపాయనకి ఆవిడ సొంత మేనత్త. కంటి ఆపరేషనుకని చెల్లెలి ఊరు వెళ్ళి నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలల్లోనే అతను ఇల్లు బేరం పెట్టి అమ్మేశాడు. ఆవిడ సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. లోపల అతని తండ్రి రాసిన వీలునామా ఉంది. ఇల్లు కొడుక్కి, కానీ 'మా అక్కగారు బతికి ఉన్నంతకాలం వెనక గదిలో ఉండవచ్చును, పెరటి కుళాయి, వంటింట్లో ఒక పొయ్యి వాడుకొనవచ్చును, ఇల్లు ఎవరి చేతికి మారినా ఈ హక్కు చెల్లును' అని ఉంది. ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. నేను చూసిన వేల కాగితాల్లో అంత శుభ్రంగా రాసిన వీలునామాలు పది కూడా ఉండవు.

వేల కాగితాలని ఊరికే అనడం లేదు. నేను పనిచేసేది దస్తావేజులు రాసే ఆఫీసులో. అందరూ టైపమ్మ అంటారు. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఏదీ కొత్తగా రాయం. పాత ఫైలొకటి తెరిచి, పేర్లూ హద్దులూ మార్చి, ప్రింటు తీసి ఇస్తాం. వేళ్ళు పనిచేస్తుంటాయి, బుర్ర ఎక్కడో ఉంటుంది. నా ఇంటి దస్తావేజు కూడా నేనే కొట్టుకున్నాను. 'విక్రయదారు తండ్రి ఎట్టి వీలునామా వ్రాయకయే కాలం చేసినందున' అన్న వాక్యం ఈ వేళ్ళ కింద నుంచే పోయింది. వచ్చినవాళ్ళందరికీ "తొందరపడకండి, అన్నీ అడిగి తెలుసుకోండి" అని నీతులు చెప్పే నోరు, తాళం వేసిన గది ముందు ఊరుకుంది. తన దాకా వస్తే గాని తెలియదని ఊరికే అనలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు మేడ మీద ఉండే వకీలుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వీలునామా నకలు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది రిజిస్టరు కాలేదు. అందుకే కొనేముందు నువ్వు రిజిస్ట్రారాఫీసులో వెతికినా దొరకలేదు. వీలునామాని రిజిస్టరు చేయించి తీరాలని లేదు, నీకు తెలుసుగా."

"తెలుసండీ."

"మామూలు జాగ్రత్తతో నువ్వు కనుక్కోలేని లోపం తన హక్కులో ఉంటే, అమ్మేవాడు నోరు విప్పి చెప్పాలి. చెప్పకుండా అమ్మితే మోసం. పైగా వీలునామా లేనే లేదని రాసిచ్చాడు. చట్టం నిండుగా నీ పక్షానే ఉంది. అమ్మకం రద్దు చేయించి ఇచ్చినదంతా ఖర్చులతో సహా వెనక్కి తీసుకోవచ్చు. వద్దనుకుంటే, ఇల్లుంచుకుని నష్టం రాబట్టుకోవచ్చు. ఆవిణ్ణి మాత్రం నువ్వు కదపలేవు. ఆవిడ హక్కు నీ హక్కుకంటే ముందు పుట్టింది."

"నాకిల్లు కావాలండీ."

"ఇల్లు కావాలా, ఆవిడ లేని ఇల్లు కావాలా?"

నేను వీలునామా నకలు మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఆయన "సరే, రద్దు కోరుతూ నోటీసు కొట్టుకురా. సంతకం పెడతాను" అన్నారు.

కిందికొచ్చి, అలవాటు ప్రకారం పాత నోటీసు ఒకటి తెరిచాను. కిందటేడు ఎవరిదో స్థలం మీద పక్కవాడి రేకుల షెడ్డు ఉంటే ఇచ్చిన నోటీసది. 'రేకుల షెడ్డు' అని ఉన్నచోటల్లా 'వృద్ధురాలు' అని మార్చమని కంప్యూటరుకి చెప్పాను. పదకొండు చోట్ల మారింది. చివరి పేరాలో 'అరవై రోజులలోగా సదరు అడ్డంకిని తొలగించి గానీ, లేదా సొమ్ము వాపసు చేసి గానీ' అని ఉంది. వకీలుగారు చెప్పింది రెండోది మాత్రమే. మొదటిది కొట్టేయాలి. కొట్టేయలేదు. ఆయనా చదవకుండానే సంతకం పెట్టారు. తప్పు వేళ్ళ మీదికి నెట్టేస్తే సరిపోతుంది, ఇన్నాళ్ళూ అలాగే చెప్పుకున్నాను. నిజానికి ఆ రోజు చదివి ఉన్నా ఆ ముక్క ఉంచేదాన్నే. ఆవిడ పోతే బాగుండునని నా మనసులో ఉంది.

ఆవిడ పోలేదు సరికదా, మర్నాటి నుంచి ఇంటి పెత్తనం మొదలుపెట్టింది.

బస్టాండులో ముప్పై నాలుగేళ్ళు టికెట్ల కిటికీలో కూర్చున్న మనిషి. ఊళ్ళో పాతవాళ్ళకి టికెట్టమ్మ. నేను చెప్పులేసుకుంటే చాలు, పెరట్లోంచి గొంతు వినిపించేది.

"ఎక్కడికి?"

"ఆఫీసుకండీ."

"ఒక్కరేనా?"

"ఇంకెవరున్నారండీ?"

"రాకపోకలకా, పోను మాత్రమేనా?"

మొదట్లో ఒళ్ళు మండిపోయేది. నలభై తొమ్మిదేళ్ళదాన్ని, ఎక్కడికి పోతున్నానో చెప్పి పోవాలా? పంతానికి ఒక సాయంత్రం పనేమీ లేకపోయినా ఆఫీసులోనే కూర్చుని ఆలస్యంగా వచ్చాను. గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడి ఉంది.

"గంటా పది నిమిషాలు లేటు. దారిలో ఏమన్నా చెడిపోయావా?"

"నేనేమన్నా బస్సునా అండీ?"

"బస్సయితే ఇంకొకటి వస్తుందని ఊరుకుందును."

చెప్పులు విప్పి లోపలికి పోయాను. ఇరవై ఆరేళ్ళలో నేను ఎప్పుడొచ్చానో చూసినవాళ్ళు లేరు. రాకపోతే తెలిసేది కూడా అద్దె రోజునే.

తర్వాత కంటి చుక్కల సంగతి వచ్చింది. రోజుకి మూడుసార్లు వేసుకోవాలి. ఆవిడకి గురి కుదరక సగం చెంప మీద పడేవి. చూసి చూసి, "ఇటివ్వండి" అన్నాను. ఆవిడ తల వెనక్కి వాల్చింది. నేను ఎడం చేత్తో రెప్ప విప్పి పట్టుకున్నాను. ముడతలు పడిన చర్మం, వెచ్చగా ఉంది. మనిషి మొహాన్ని చేత్తో తాకి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు. ఆవిడ తల కదపకుండానే, "టైపు కొట్టేటప్పుడు కూడా నీ చెయ్యి ఇలాగే వణుకుతుందా?" అంది.

సాయంత్రాలు పేపరు చదివి వినిపించమనేది. నేను గడగడా చదివేసేదాన్ని. ప్రతి వార్తకీ ఆపి, "అంటే ఏంటి?" అనేది. చచ్చినంత పనయ్యేది నాకు. చదివిందే గాని, అందులో ఏముందో నాకు తెలిస్తేనా? మళ్ళీ వెనక్కి వెళ్ళి నిదానంగా చదివి, విడమరిచి చెప్పాల్సి వచ్చేది.

"అమ్మాయ్, నువ్వు చదువుతావు గాని వినవేం?" అంది ఒకరోజు.

"మా పని అలాంటిదండీ."

"నాదీ అలాంటిదే. అయినా మొహం చూసేదాన్ని. చూడకుండా చేతిలో పెడితే, పెళ్ళికి పోయేవాడూ చావుకి పోయేవాడూ ఒకటే అయిపోరూ?"

చెల్లెలింట్లో ఆరుగురున్నారట. "అక్కడ నా తల మీదుగా మాట్లాడుకుంటారు. కుర్చీతో మాట్లాడరు కదా, అలాగన్నమాట" అనేది. వెనక గది పైకప్పు కారితే నేనే మనిషిని పిలిపించి బాగు చేయించాను. ముందు గది కూడా కారుతున్న సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను. వీధిలో కూరల బండి ఆమె నన్ను 'టికెట్టమ్మ ఇంటి అమ్మాయి' అంటే సరిదిద్దలేదు. నోటీసు పోయిన సంగతి మర్చిపోయానంటే అబద్ధం. గుర్తొచ్చినప్పుడల్లా, జవాబు రాలేదు కదా అనుకుని పక్కకి నెట్టాను.

జవాబు యాభై రెండో రోజున వచ్చింది. కాగితం రాలేదు, మనిషే వచ్చాడు. నేను ఆఫీసులో ఉండగా మందుల షాపాయన ఇంటికొచ్చి, మేనత్తతో మాట్లాడి వెళ్ళిపోయాడు.

నేనొచ్చేసరికి గేటు దగ్గర ఆవిడ లేదు. వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితాలు.

"రా, కూర్చో. వాడు చదివి వినిపించాడు. వాడి మాట నేను నమ్మను. నువ్వు చదువు. నువ్వయితే ఉన్నదే చదువుతావు."

కాగితం చూడగానే అది నా నోటీసేనని తెలిసిపోయింది. వద్దనొచ్చు. తర్వాత చదువుతాననొచ్చు. ఒక ముక్క మింగేసి చదివినా ఆవిడకి తెలిసేది కాదు. ఎందుకో అవేమీ చేయలేదు. నిదానంగా, ఆవిడ నాకు నేర్పినట్టే, మాట మాటకీ ఆగి చదివాను.

"...సదరు ఆస్తిపై అడ్డంకిగా ఉన్న వృద్ధురాలిని మీ సొంత ఖర్చులతో తొలగించి..."

ఆగాను. తర్వాతి వాక్యం నేను కొట్టినదే, కానీ మొదటిసారి చూస్తున్నాను.

"చదువు."

"...తొలగించి, స్థలమును శుభ్రపరచి, ఖాళీగా అప్పగించవలెను. వృద్ధురాలి మూలమున గాలి, వెలుతురు రాక కలిగిన అసౌకర్యమునకు..."

"అంటే ఏంటి?" అంది ఆవిడ.

"అది రేకుల షెడ్డు గురించి రాసిందండీ. పాత నోటీసు. మాట మార్చాను, మిగతాది అలాగే ఉండిపోయింది."

"ఊఁ. తొలగించమన్నది కూడా షెడ్డు గురించేనా?"

"కాదండీ."

"పోన్లే. నిజమే చెప్పావు."

"అప్పుడు రాశానండీ. ఇప్పుడు కాదు."

"కింద సంతకం ఎవరిదో గాని, రాయించింది నువ్వేగా" అని కాగితాలు మడిచి పక్కన పెట్టింది. చుక్కల సీసా తీయబోతే, "నేను వేసుకుంటాలే" అంది. రెండూ చెంప మీదే పడ్డాయి. అలాగే వదిలేసింది.

తెల్లారగానే వకీలుగారి గుమ్మంలో నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"నోటీసు వెనక్కి తీసుకుంటానండీ."

"అలా రాసిస్తే ఇల్లు ఇలాగే ఉంచుకోవాలి. ఆవిడతో సహా. రేపు మళ్ళీ నష్టమని వస్తే కుదరదు. అడిగే హక్కు పోతుంది."

"పోనివ్వండి."

"మరి ఆవిడతో చెప్పావా?"

"కాగితం తయారయ్యాక చేతికిస్తానండీ."

ఆయన అదోలా చూశారు. నాకది వింతగా తోచలేదు. నోటిమాట ఎవరైనా అంటారు, పొద్దుటికి కాదంటారు. మాటలు చెప్పి ఎగ్గొట్టినవాళ్ళని రోజూ చూసేదాన్ని. కాగితమైతే కాదనడానికి ఉండదు. ఆ కాగితం పాత ఫైలు తెరవకుండా, మొదటి మాట నుంచి సొంతంగా రాశాను. ఒక్క పేజీకి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఒకటిన్నర రోజూ ఇంట్లో ఆవిడ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కాగితం వచ్చాక అన్నీ అదే చెబుతుందిలే అనుకున్నాను. చెప్పులేసుకుంటే పెరట్లోంచి గొంతు వినిపించలేదు.

ప్రింటు తీసి సొరుగులో పెట్టిన పూటే, మా ఆఫీసు యజమాని రైటరుగారు నా బల్ల మీద ఒక చిత్తుప్రతి పడేశారు.

"టైపమ్మా, నీ అదృష్టం పండింది. ఆవిడ హక్కు వదులుకుంటోందట. మందుల షాపాయన మధ్యాహ్నం తీసుకొస్తున్నాడు. త్వరగా కొట్టెయ్. నీ ఇల్లే కదా, ఫీజు తీసుకోనులే."

మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. "ఆపలేమాండీ?" అని అడిగాను. వకీలుగారు తల అడ్డంగా ఊపారు.

"ఆవిడ హక్కు ఆవిడది. ఉంచుకోవడం ఎంతో వదులుకోవడం కూడా అంతే. ఎవరూ బలవంతం చేయకపోతే ఎవరూ ఆపలేరు. ఆవిడంతట ఆవిడే సంతకం వద్దనుకోవాలి."

వాళ్ళొచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. ఆవిడ ఉతికిన బట్టలు కట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, నా బల్ల ఎదుట కుర్చీలో కూర్చుంది. మేనల్లుడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. సాక్షులుగా పక్క దుకాణాల వాళ్ళిద్దరు వచ్చారు. చూపు లేనివాళ్ళు సంతకం పెట్టే ముందు చదివి వినిపించాలి, అది రూలు. చదివింది నేనే. 'నా ఇష్టపూర్వకముగా, ఎవరి ఒత్తిడి లేకుండా, వెనక గదిపై నాకు గల నివాస హక్కును శాశ్వతముగా వదులుకొనుచున్నాను.'

ఆవిడ ఈసారి "అంటే ఏంటి?" అనలేదు. పెన్ను కోసం చెయ్యి చాపింది. నేను పెన్ను ఇవ్వలేదు.

"పెద్దమ్మా, మీరు సంతకం పెట్టాల్సిన పని లేదు. పెట్టకపోతే ఎవరూ ఏమీ చేయలేరు."

రైటరుగారు గతుక్కుమన్నారు. మేనల్లుడు గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఏంటండీ ఇది? తీయించమని నోటీసిచ్చింది మీరే, ఇప్పుడు..."

"నువ్వుండరా" అంది ఆవిడ. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆపరేషనైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మొహం ఎంత కనబడిందో తెలియదు, చూడ్డం మాత్రం సూటిగా చూసింది.

"ఉండొచ్చని నాకూ తెలుసమ్మాయ్. తమ్ముడు రాసిచ్చాడుగా. ఉండమని ఎవరన్నా అన్నారా?"

అందరూ నావైపు చూస్తున్నారు. ఆవిడ ఆగింది. తొందరపెట్టలేదు, కిటికీకి అవతల నిలబడ్డవాళ్ళు ఊరి పేరు చెప్పేదాకా ఆగే మనిషి ఆగినట్టే ఆగింది. చెప్పాల్సింది ఒక్క మాట. నాకు తెలుసు. కానీ ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు, నాతో ఎవరూ అనలేదు. నలుగురి ముందు అనేస్తే, ఆవిడ కాదంటే, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎలా ఉండాలి నేను? సొరుగులో ఉన్న కాగితం తీసి చూపిద్దామని చెయ్యి పెట్టాను. ఆవిడ కళ్ళకి అక్షరాలు కనబడవు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరిస్తే ఎప్పుడూ వచ్చే మాటలే వచ్చాయి.

"వీలునామా ప్రకారం, మీరు పోయేవరకూ ఉండే హక్కు మీకుందండీ."

ఆవిడ నవ్వింది. కోపం లేదు అందులో. "సరేలే. పోయేవరకేగా" అని, నా చేతిలోంచి పెన్ను తనే తీసుకుంది.

సంతకం ఎక్కడ పెట్టాలో కనబడలేదు. ఆవిడ వేలు పట్టుకుని గీత మీద ఆనించాల్సింది నేనే. ఆనించాను. ముప్పై నాలుగేళ్ళు టికెట్ల మీద పొట్టి సంతకం పెట్టిన చెయ్యి కదా, ఒక్క క్షణంలో అయిపోయింది.

మేనల్లుడు కారు తీశాడు. వానకి అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఆవిడ ఏ పక్కన కూర్చుందో కూడా నాకు తెలియలేదు.

వారం తర్వాత వకీలుగారు పిలిపించారు. నోటీసు ఇచ్చాం, ఎదుటివాడు చెప్పినట్టు చేశాడు, ఫైలు మూసేయాలంటే నేనొక ముగింపు కాగితం మీద సంతకం పెట్టాలట. కింద కూర్చుని నేనే కొట్టాను. మాటలు మామూలువే, ఏళ్ళుగా అవే.

'నోటీసులో నేను కోరినది పూర్తిగా నెరవేరినది. ఆస్తి వెనక గదితో సహా ఖాళీగా నా స్వాధీనమైనది. ఇకపై నాకు ఎవరిపైనా ఎట్టి హక్కుగానీ, కోరికగానీ లేదు.'

"చదువుకున్నావా?" అన్నారు వకీలుగారు.

"చదివానండీ."

"మార్చాల్సిందేమన్నా ఉందా?"

ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. మార్చడానికి ఒక్క మాట కూడా కనిపించలేదు. "అన్నీ నిజమేనండీ" అని సంతకం పెట్టాను.